రెక్కకీ రెక్కకీ మధ్య

మార్చి 2

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. ఈసారి అక్షరాలు గీత మీదే నిలబడ్డాయి. నీ సైకిలు రిపేరు కొట్టు గచ్చు మీద సుద్దముక్కతో నీకు అఆలు దిద్దించిన రోజులు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నలభై దాటాక బడిలో చేరినవాడివి నువ్వొక్కడివే, ఆ బడికి పన్నెండేళ్ల పంతులమ్మని నేనొక్కదాన్నే.

బావ తన సైకిలుకి మూడురెక్కల చక్రాలు కావాలని చంపుతున్నాడనీ, మన ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేనే తేల్చాలనీ రాశావు. తేలుస్తాను. నా ఉద్యోగమే అది.

సైకిళ్లని గాలికి పరీక్షించే మా గాలిగదిలో ఒక చివర ఇంటి తలుపంత పంకా ఉంటుంది. రెండో చివర సైకిలు, దాని మీద చెక్కమనిషి. గాలి వదిలితే మాటలు వినపడవు, చెవులకి డొప్పలు పెట్టుకుని పనిచేస్తాం. నీ చువ్వల చక్రం తిరుగుతున్నప్పుడు ప్రతి చువ్వా గాలిని గరిటెలా కలుపుతుంది. మూడురెక్కల చక్రానికి కలిపేవి మూడే, అవీ కత్తిలా పలచన. ఎదురుగాలిలో, తిన్నటి రోడ్డు మీద, ఆగకుండా తొక్కితే నలభై కిలోమీటర్ల పందెంలో ముప్పావు నిమిషం కలిసొస్తుంది. ముప్పావు నిమిషమంటే మొదటివాడికీ ఆరోవాడికీ మధ్య ఉన్నంత దూరం.

వీధిలో అలా కాదు. బావ రోజంతా పార్సిళ్లు మోస్తాడు. ఆ ముప్పావు నిమిషం మొదటి ఎర్రలైటు దగ్గరే ఆవిరైపోతుంది. బరువెక్కువ, ఆగిన ప్రతిసారీ కాళ్లే దాన్ని మోయాలి. గుంతలో పడితే చువ్వల చక్రం వంగుతుంది, నువ్వు బెండు తీసి ఇస్తావు. ఇది వంగదు, పగులుతుంది. సుఖం ఒక్కటే, తాళం గొలుసు ఇట్టే దూరుతుంది.

అసలు భయం పక్కగాలి. రెక్కలు వెడల్పు కాబట్టి గాలి పక్కనుంచి తోస్తే ముందు చక్రం తెరచాపలా తిరిగిపోతుంది. మేం ఓరగా గాలి వదిలిన రోజు హ్యాండిలు గిర్రున తిరిగి చెక్కమనిషి మణికట్టు ఫట్‌మని విరిగింది. మన కొట్టుకి వచ్చే దారిలో రెండు ఎత్తైన మేడల మధ్య సందు ఉంది చూడు, నా చున్నీ ఎప్పుడూ ఎగిరిపోయేది, అలాంటిచోట ఈ చక్రంతో వెళ్లకూడదు. పందేనికి సరే, వీధికి వద్దు. ఇదే నా తీర్పు. బావకి రెండు సగాలూ చదివి వినిపించు.

టైర్లు ఊడదీసే నీ ఇనుప కడ్డీ ఇంకా ఉందా? దానితో రేకుడబ్బా మూత తెరవబోయి కొస విరగ్గొట్టింది నేనే. ఎలకలు కొరికాయని అప్పుడు చెప్పాను. ఇనుముని ఎలకలు కొరుకుతాయని నువ్వు నమ్మినట్టు నటించావు.

నీ పంతులమ్మ

మార్చి 9

అమ్మడూ,

ఎలకల సంగతి నాకు అప్పుడే తెలుసు. నీ మూతి మీద డబ్బాలోని పాలపొడి ఉంది మరి. కడ్డీ ఉంది. నువ్వు పిడికి చుట్టిన దారం కూడా ఊడలేదు. కొస అలాగే మధ్యలో పన్ను ఊడినట్టు ఉంది, కొత్తది కొనబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. పందెం సగం చెవులు రిక్కించి విన్నాడు. వీధి సగం వచ్చేసరికి దాహమేసింది వాడికి. ఎవరో వాడేసిన జత ఒకటి కొనుక్కొచ్చాడు. నాకైతే అది చక్రంలా లేదు, ఇంటికప్పు నుంచి ఊడిపడ్డ ఫ్యానులా ఉంది. బిగించడానికి చువ్వ లేదు, వంపు లేదు. ఇక నాలాంటివాడు దాని దగ్గర కూర్చుని ఏం చేయాలి, విసురుకోవాలా? ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. ఆదివారం గోదాముల రోడ్డు మీద పందేనికి తప్ప అది వీధిలో కనపడిందో, కాళ్లు విరగ్గొడతానురా అన్నాను. అన్నానంటే చేస్తానని వాడికి తెలుసు.

ఇక్కడ రోజులు బాగాలేవు. పక్క పార్సిలు కంపెనీలో కత్తెర అని ఒకడున్నాడు. ఇద్దరి మధ్య సందు దొరికితే చాలు కోసుకుంటూ దూరిపోతాడని ఆ పేరు. పోయిన నెల సిగ్నలు దగ్గర బావ వీపు మీద తాళం గొలుసుతో కొట్టాడు. చొక్కా చిరిగి, గొలుసు లంకెలు లెక్కపెట్టుకునేలా తేలాయి. నా కొడుకే కదా, ఊరుకుంటాడా, వాడి ముక్కు పగలగొట్టాడు. రోడ్డు మధ్యలో రక్తం కక్కుకుంటూ ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని దొర్లుతుంటే కార్లవాళ్లు హారన్లు కొట్టారట, అడ్డు లేవమని.

నేను తప్పంటే నాకు నోరెక్కడిది? నా ఎడమ చెవి పోయిందీ అలాగే కదా. నేను పందేలు తొక్కే రోజుల్లో, చివరి చుట్టులో పక్కవాడు గొలుసు తిప్పి కొట్టాడు. చెవిలోంచి వెచ్చగా కారుతుంటే చెమట అనుకుని తొక్కాను. గెలిచాక తెలిసింది. ఆ తర్వాత వారానికి వాడి మోకాలు నేను విరగ్గొట్టాను. సుత్తితో. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. చదువుకున్నదానివి, రాస్తే తెలిసిపోతుంది కదా అని రాశాను.

బావ నాకు ఫోను కొనిస్తానంటాడు. ఒక చెవి లేనివాడికి, రెండోది సగమే ఉన్నవాడికి ఫోనెందుకు? తెర మీద అక్షరాలు చీమలబారు. నాకు నీ ఉత్తరాలు చాలు.

మామయ్య

మార్చి 17

మామయ్యా,

సుత్తి సంగతి చదివి ఉత్తరం మడిచిపెట్టేశాను. మర్నాడు మళ్లీ తీసి చదివాను. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లిన చేతులవి. ఆ మనిషి ఇప్పుడెలా నడుస్తున్నాడో నీకు తెలుసా?

నేనూ ఇక్కడ రక్తం చూశాను. నిన్న ఒక మూడురెక్కల చక్రాన్ని ఎంత బరువుకి పగులుతుందో చూడ్డానికి నొక్కుతున్నాం. చువ్వల చక్రమైతే ముందు మూలుగుతుంది, కిర్రుమంటుంది, హెచ్చరిస్తుంది. ఇది చివరి క్షణం దాకా నోరు మెదపలేదు. ఒక్కసారిగా పేలింది. నల్లటి పెంకు ఒకటి గాజుపలకలా ఎగిరి మా ఫిట్టరు చెంపని పెదవి మూల దాకా చీల్చింది. పళ్లు బయటికి కనిపించాయి. ఆయన మాత్రం “నంబరు రాసుకున్నావా అమ్మా?” అని అడిగాడు. రాసుకున్నాను.

దీనికి కోపం వస్తే చెప్పిరాదు మామయ్యా. బావని జాగ్రత్తగా ఉండమను.

నీ కోడలు

మార్చి 25

అమ్మడూ,

బావ పడ్డాడు. బతికే ఉన్నాడు. ముందు అది చదువుకుని తర్వాత మిగతాది చదువు.

ఎడమవైపు మెడకింది ఎముక విరిగి చర్మం కింద పెన్సిలు మొనలా పొడుచుకొచ్చింది. పైపళ్లు కింది పెదవిలోంచి దిగిపోయాయి. చెంప తోలు రోడ్డుకే అంటుకుపోయింది. నేను చూస్తుండగానే పెదవి కుట్టారు. సూది గుచ్చిన ప్రతిసారీ వాడి కాళ్లు మంచాన్ని తన్నాయి, నేను వాటిమీద కూర్చున్నాను. పుట్టినప్పుడు ఇంత అరవలేదు.

కత్తెర పని. గోదాముల రోడ్డు మీద పందేనికి సాధన చేస్తూ ఒంటరిగా తొక్కుతుంటే పక్కకొచ్చి ముందు చక్రాన్ని తన్నాడట. బావే కాగితం మీద రాసి చెప్పాడు, చూసినవాళ్లు లేరు. పోలీసులకి చెబితే కాగితం అడుగుతారు, సాక్షి అడుగుతారు. అందుకని చక్రం పార్సిలు చేసి నీకు పంపాను. తన్నిన గుర్తు ఎక్కడుందో చూసి రాయి.

ఇంకో మాట. నువ్వు బాగా లెక్క కట్టగలవు. ఈ ఫ్యాను చక్రం తిరుగుతుండగా రెక్కకీ రెక్కకీ మధ్య ఎంత సందు ఉంటుంది? ఎవడైనా అందులో కడ్డీలాంటిది పెడితే ఏమవుతుంది? చువ్వల చక్రంలో పెడితే ఏమవుతుందో నాకు తెలుసు, చూశాను. ముందు చక్రం ప్రమాదమా, వెనకదా? నా భయం నాది. తొందరగా రాయి.

మామయ్య

ఏప్రిల్ 1

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. బావకి ఫోను చేస్తే ఎత్తడం లేదు. పెదవికి కుట్లున్నవాడు ఏం మాట్లాడతాడులే అని ఊరుకున్నాను. చక్రం ఇంకా రాలేదు.

నీ భయం నాకు అర్థమైంది. తన్నినవాడు రేపు కడ్డీ కూడా పెడతాడని కదా? అది తెలుసుకునే జాగ్రత్తపడాలి. అందుకే దాచకుండా రాస్తున్నాను.

చువ్వల చక్రంలో సందులు చిన్నవి. వేగంగా తిరిగేటప్పుడు కడ్డీ లోపలికి దిగేలోపే చువ్వలు కొట్టి బయటికి విసిరేస్తాయి. దిగినా చువ్వలు ఒకటొకటిగా తెగుతాయి, అవి తెగేలోపు చక్రం కొంత నెమ్మదిస్తుంది. మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మూడురెక్కల చక్రంలో తెగేది ఏదీ లేదు. సందు నా రెండు జానల వెడల్పు. దిగినదాన్ని రెక్క తీసుకెళ్లి ఫోర్కుకి ఆనిస్తుంది, చక్రం గోడకి గుద్దుకున్నట్టు ఆగుతుంది. వెనక చక్రమైతే జారుతుంది. ముందుదైతే సైకిలు ఆగిపోయి మనిషి ఆగడు. తలే ముందు నేలకి తగులుతుంది.

కాబట్టి ముందు చక్రమే ప్రమాదం. మిగతాది నేను రాయక్కర్లేదు, నాకన్నా నీకే బాగా తెలుసు. చేయాల్సింది చెయ్యి, ఆలస్యం చేయకు.

బావ తల నిమరు, నా తరఫున.

నీ కోడలు

ఏప్రిల్ 7

అమ్మడూ,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. చెప్పకనే చెప్పావు. ఇంత చదువు చదివి పట్నం మనిషివైపోయావు, ఇంటి రక్తం మర్చిపోయావేమో అనుకున్నాను. కాదని తెలిసింది. మీ అమ్మ కూడా ఇంతే, నోటితో అనదు.

కత్తెర కూడా ఫ్యాను చక్రాలే ఎక్కించాడట. పన్నెండో తారీకు ఆదివారం పందెం. రోడ్డు పక్క రిపేర్లకి నన్నే కూర్చోమన్నారు, వెళ్తున్నాను. మలుపు దగ్గర చోటు అడిగి తీసుకున్నాను.

ఈ ఉత్తరం చింపెయ్యి.

మామయ్య

ఏప్రిల్ 11

మామయ్యా,

నువ్వు మెచ్చుకుంటే ఎంత మురిసిపోయానో. ఏం చెప్పకనే చెప్పానో మాత్రం అర్థం కాలేదు. నేను చేయాల్సింది చెయ్యి అన్నది ఆ చక్రాలు బావ చేత మాన్పించమని, మాన్పించేశావనుకుంటున్నాను. నీ ఉత్తరం చింపమన్నావు, నాకు చేతులు రాలేదు. నువ్వు రాసిన ప్రతి ముక్కా నా దగ్గరుంది.

బావ చక్రం నిన్న వచ్చింది. దీపం కింద పెట్టి అంగుళం అంగుళం చూశాను. ఇప్పుడు రాసేది కోప్పడకుండా చదువు.

దీన్ని ఎవరూ తన్నలేదు.

తన్నితే రెక్క మీద బూటు నల్లచార పడాలి, అంచు పక్కకి నలగాలి. రెక్కలు మూడూ అద్దంలా ఉన్నాయి. దెబ్బ ఉన్నది ఎడమపక్క రిమ్ము మీద, అదీ రాతి గీత. గీతలో పసుపురంగు ఇరుక్కుంది. కాలిబాట అంచురాళ్లకి వేసే రంగు అది. గోదాముల రోడ్డుకి కాలిబాటే లేదు కదా? ఇంకొకటి, టైరులో గాలి కొట్టే చోట పార్సిళ్లకి అంటించే టేపు ముక్క చుట్టుకుని ఉంది.

బావ వీధిలో పడ్డాడు మామయ్యా. పార్సిలుతో, ఈ చక్రంతో, నువ్వు వద్దన్నచోట. ఆ రెండు మేడల మధ్య సందు దగ్గరే అని నా అనుమానం. పక్కగాలి ముందు చక్రాన్ని తిప్పేసింది, కాలిబాట రాయికి కొట్టుకున్నాడు. మా చెక్కమనిషి మణికట్టు విరిగిందే, ఆ విధంగానే. నువ్వు కాళ్లు విరగ్గొడతానన్నావు కాబట్టి కత్తెర పేరు చెప్పాడు.

వాడిని కొట్టకు. ముందే విరిగి ఉన్నాడు. కత్తెరతోనూ గొడవకి వెళ్లకు. గొలుసుతో కొట్టినవాడే, కాదనను. ఈ పని మాత్రం వాడిది కాదు.

ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు పందెం అయిపోతుంది, నీ చేతులకి మసి తప్ప ఇంకేం అంటకుండా ఇంటికి వచ్చేసి ఉంటావు.

నీ కోడలు

ఏప్రిల్ 13

అమ్మడూ,

పని అయింది.

మలుపు దగ్గర కూర్చున్నాను. ముందు మడిచిన గోనెసంచి, దానిమీద పానాలు, ట్యూబులు. రోడ్డు పక్క రిపేరువాణ్ని ఎవరు చూస్తారు? స్తంభాన్ని చూసినట్టు చూస్తారు. మూడో చుట్టులో కత్తెర ఒక్కడే ముందొచ్చాడు. మలుపులో రోడ్డు అంచుకి ఆనుకుని తిరుగుతాడని నాకు తెలుసు. చేతిలో విడి చక్రం అడ్డం పెట్టుకుని లేచాను, దాని వెనకనుంచి కడ్డీ తోశాను.

నీ లెక్క అక్షరాలా నిజం. చక్రం ఆగింది, మనిషి ఆగలేదు. కడ్డీ నా చేతిలోంచి లాక్కున్నట్టు పోయింది, మణికట్టు మెలిపడి వాచింది. వాడు తలకిందులై ముఖం మీద దిగాడు. కాళ్లు వెనకనుంచి వీపు మీదుగా ముందుకి పడ్డాయి, తేలు తోకలా. సైకిలు ఎగిరొచ్చి వాడిమీద పడింది. ఏదో చప్పుడు అయ్యుండాలి, జనం అందరూ ఒకేసారి చెవులు మూసుకున్నారు. నాకు సగమే వినపడింది. తడిగుడ్డ బండ మీద కొట్టినట్టు.

అందరికన్నా ముందు పరుగెత్తింది నేనే. కడ్డీ ఏరుకుని నడుముకి దోపుకోవాలి కదా. తీరా దగ్గరికెళ్లాక వాడి తల పట్టుకోవాల్సొచ్చింది. పళ్లు నా అరచేతిలో రాలాయి. ఒక కన్ను లేదు, ఉండాల్సినచోట మట్టి ఉంది. రెండో కంటితో నన్ను చూశాడు. “పెద్దాయనా, వదలకు” అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను. అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు.

ఇవాళ పొద్దున్నించి చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాను. మోకాలు విరగ్గొట్టినప్పుడు ఇలా లేదు.

చక్రమే విరిగిందని, తయారుచేసినవాళ్ల తప్పని అందరూ అంటున్నారు. అలాగే అననీ. బావకి చెప్పాను, నీ బాకీ తీర్చానురా అని. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంతోషపడతాడనుకున్నాను.

మామయ్య

ఏప్రిల్ 16

అమ్మడూ,

పదకొండో తారీకు ఉత్తరం నిన్న అందింది.

కాగితం తీసుకెళ్లి బావ ముఖం ముందు పెట్టాను. చదివాడు. చెయ్యెత్తాను. వాడు మంచం మూలకి జరిగి, విరిగిన భుజాన్ని రెండోచేత్తో కప్పుకుని, చిన్నప్పుడు ముడుచుకున్నట్టు ముడుచుకున్నాడు. కొట్టలేదు. కొట్టక్కర్లేదు, ఇన్నాళ్లూ కొట్టింది చాలు. కాగితం మీద రాసి చూపించాడు. “నీ భయానికే అబద్ధం చెప్పాను నాన్నా. నువ్వింత పని చేస్తావని అనుకోలేదు.”

ఆ మేడల మధ్యేనట. నువ్వు రాసినచోటే.

నువ్వు నాకేం చెప్పకనే చెప్పలేదు కదా? ఒక్కసారి నీ ఒకటో తారీకు ఉత్తరం తీసి మళ్లీ చదివాను. జాగ్రత్త అన్నచోటల్లా నేను కడ్డీ అని చదివాను. అక్షరాలు నేర్పావు గానీ, చదవడం నాకు రాలేదు.

మామయ్య

ఏప్రిల్ 18

మామయ్యా,

పదమూడో తారీకు ఉత్తరం ఇవాళ వచ్చింది. దానితోపాటే, అదే బండిలో, పెద్ద అట్టపెట్టె ఒకటి మా గాలిగదికి వచ్చింది. పందెం నిర్వాహకులు పంపారు. చక్రం తయారీలో లోపం ఉందో లేదో తేల్చమని అడిగారు. ఫారం మీద పడినవాడి పేరుంది. కత్తెర అన్నది పేరు కాదని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇరవై నాలుగేళ్లు. నాకన్నా నాలుగు నెలలు చిన్న.

ముందు పెట్టె విప్పాను. నీ ఉత్తరం తర్వాత చదువుదాం, తీరిగ్గా మురిసిపోతూ చదువుదాం అని పక్కన పెట్టుకున్నాను.

రెక్క లోపలి అంచు మీద లోతైన దెబ్బ ఉంది. ఇనుము కొస దిగిన గుర్తు. ఒక గీత కాదు, రెండు గీతలు, మధ్యలో ఊడిన పన్నంత ఖాళీ. మా మేడం వెనకనుంచి వంగి “ఇదేం పనిముట్టబ్బా, కొస విరిగినదా?” అంది. నాకు రేకుడబ్బా గుర్తొచ్చింది. ఎలకలు గుర్తొచ్చాయి. కుర్చీ పట్టుకుని నిలబడి, అప్పుడు నీ ఉత్తరం కవరు చింపి చదివాను.

నా లెక్క అక్షరాలా నిజమని రాశావు. మామయ్యా, బావని కాపాడుకోమని రాసిన లెక్క అది! బావ తల నేలకి తగలకూడదని రాసిన వాక్యంతో నువ్వు ఇంకొకడి తల నేలకి కొట్టావు. ఎంత గర్వపడేదాన్ని, మా మామయ్య నా ఉత్తరాలు తనంతట తానే చదువుకుంటాడని ఊరంతా చెప్పుకునేదాన్ని. నీకు అక్షరాలు నేర్పకపోతే ఎవరితోనైనా చదివించుకునేవాడివి. ఆ చదివినవాడైనా “అయ్యా, ఆ పిల్ల అలా అనలేదు” అని చెప్పేవాడు.

పదకొండో తారీకు ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. అందితే కత్తెర ఈ పాపం ఎరగడని ఈపాటికి తెలుసుకుని ఉంటావు.

ఈ నివేదిక నన్నే రాయమన్నారు. కింద నా ఒక్కదాని సంతకమే ఉంటుంది. ఇన్నాళ్లూ మేడం సంతకం కింద నా పేరు చిన్నగా ఉండేది. మన ఇంట్లో మొదటిసారి ఒకరి సంతకానికి విలువ వచ్చింది, అది దీనికి. లోపం చక్రానిదే అని రాస్తే చక్రం చేసినవాళ్ల మీదికి పోతుంది, నువ్వు మిగులుతావు. నిన్న నీ గురించి అలా రాయగలనా అని ఎవరైనా అడిగి ఉంటే, నీ కోసం ఏమైనా రాస్తానని చెప్పేదాన్ని. రాయలేను. కలం పెడితే ఆ రెండు గీతలే కనపడుతున్నాయి.

ముప్పయ్యో తారీకున పంపాలి. ఉన్నది ఉన్నట్టే పంపుతాను. నా ఒకటో తారీకు ఉత్తరం సంగతి కూడా మేడంకి చెప్పాను. చెప్పి మంచిపని చేశావు, ఈ చక్రం ఇంకొకరు కూడా మళ్లీ చూస్తారు అంది.

నా కాగితం అక్కడికి చేరకముందే నువ్వు నీ కాళ్లతో పోలీసు స్టేషనుకి వెళ్లు. నేను పట్టిస్తే పట్టుబడ్డవాడివి కాకు. నిన్ను నేనేం కోరగలను, ఇది తప్ప.

మామయ్యా, నాకు భయంగా ఉంది.

ఏప్రిల్ 26

అమ్మడూ,

ఈ ఉత్తరం స్టేషను బెంచీ మీద రాస్తున్నాను. కాగితం, కలం వీళ్లే ఇచ్చారు. నేను రాస్తుంటే ఒకడు నిలబడి వింతగా చూస్తున్నాడు.

నీ ఉత్తరం అందగానే చొక్కా మార్చుకుని ముందు ఆసుపత్రికి వెళ్లాను. దవడకి తీగలు కట్టి ఉన్నాయి, నేను చువ్వలు అల్లినట్టే అల్లారు. నడుము కింద కదలడట. అక్క ఒకతి పక్కన కూర్చుని గొట్టంతో పాలు తాగిస్తోంది. నన్ను చూడగానే లేచింది. “మా తమ్ముడి తల వదలకుండా పట్టుకున్న పెద్దాయన మీరే కదా, కూర్చోండి” అంది. రెండు చేతులూ జోడించింది. ఆ చేతులు చూడలేకపోయాను.

కూర్చోకుండానే చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. తల పట్టుకున్నది నేనే, పడేసిందీ నేనే అని మళ్లీ చెప్పాను. నాకు నా గొంతు సరిగా వినపడదు కదా, గట్టిగానే అరిచి ఉంటాను, వార్డంతా తిరిగి చూసింది. పొరబాటు పడ్డానని మాత్రం చెప్పలేదు. చెబితే ఏదో తగ్గించమని అడిగినట్టుంటుంది.

చేతిలో స్టీలు ఫ్లాస్కు ఉంది ఆమెకి. దానితో కొట్టింది. కుడిపక్క, చెవి మీద. రెండోసారి అక్కడే, మూడోసారి అక్కడే. చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను కింద పడ్డాక కూడా ఆమె ఏదో అంటూనే ఉంది, నోరు కదలడం కనపడుతోంది. మంచం మీద కత్తెర కూడా నన్నే చూస్తున్నాడు ఆ ఒక్క కంటితో. ఈసారి ఏం అన్నాడో తెలియలేదు. దవడ కదలదు కదా.

చెవిలోంచి వెచ్చగా కారింది. ఈసారి చెమట అనుకోలేదు.

నర్సులు కట్టు కట్టబోతే వద్దని నడుచుకుంటూ స్టేషనుకి వచ్చాను. కడ్డీ బల్ల మీద పెట్టాను. నా దగ్గరున్న నీ ఉత్తరాలన్నీ పెట్టాను. చింపెయ్యి అన్నానే, నువ్వు చింపకపోవడమే మంచిదైంది, నీ దగ్గరున్నవి కూడా ఇచ్చెయ్యి. కడ్డీని చక్రం మీది గుర్తుతో సరిచూడాలని, మీ గాలిగదికే పంపుతామని రాసి చూపించారు. దారం విప్పకు, విరిగిన కొస చూసి ఏడవకు. కొలిచి ఉన్నది ఉన్నట్టు రాయి. నీ పేరు పెద్దక్షరాలతో రాయి.

బావ పొద్దున వచ్చాడు. పెదవి గాయం మానింది, చాలాసేపు మాట్లాడాడు. పెదవి ఇంకా వంకరగా ఉంది, చూసినా ఒక్క మాటా అందలేదు. వాడి మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఇక్కడ ఒక డాక్టరు వచ్చి చూశాడు. కుడిచెవి కూడా పోయిందని కాగితం మీద రాసి చూపించాడు. నాకు ఆమె మీద కోపం లేదు, ఆమె మీద కేసు ఏదీ వద్దని సంతకం పెట్టాను. సరిగానే పెట్టాను, ఒత్తులన్నీ వచ్చాయి.

ఇక నాకు మాటంటే నువ్వు రాసేదే. తిట్టు అయినా సరే, రాయి. ఈసారి రాసినంతే చదువుతాను.

మామయ్య